అటక మీది పాత రోబో కిట్టు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు కాస్త దూరంలో నాకు చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు గది ఉంది. సాయంత్రాలు, ఆదివారాలు అక్కడే పిల్లలకు రోబోటిక్స్ చెప్తాను. ఈ మధ్య ఒకే రకం పెట్టె మళ్లీ మళ్లీ నా బల్ల మీదికి వస్తోంది. అది 1998లో లెగో కంపెనీ తెచ్చిన మొదటి తరం రోబో కిట్టు, లెగో మైండ్‌స్టార్మ్స్. అందులో ఇటుక ఆకారంలో పసుపు రంగు కంప్యూటర్ ఒకటి ఉంటుంది, దాని పేరు ఆర్‌సీఎక్స్. చాలావరకు అమెరికాలో ఉన్న బంధువులు అప్పట్లో తెచ్చిచ్చినవే. ఆడుకున్న పిల్లవాడు పెద్దవాడై బెంగళూరుకు వెళ్లాడు, కిట్టు అటకెక్కింది, ఇప్పుడు అతని కూతురికి పదేళ్లు. "సార్, ఇది మళ్లీ పనిచేస్తుందా, లేక గుజిరీ షాపుకు వేసేద్దామా?" అని తాతగారు అడుగుతారు.

ఆ ప్రశ్నతో పాటు కొన్ని నమ్మకాలు కూడా వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం తప్పు. వాటి వల్ల బాగున్న కిట్లు తూకానికి పోతున్నాయి. అది చూసి ఊరుకోలేక ఇది రాస్తున్నాను. నేను చూసినంతలో ఈ ఇటుక పాడవడం అరుదు. దానికీ మన కంప్యూటర్‌కీ మధ్య మాట ఆగిపోతుంది, అంతే. ఆ మాటను మళ్లీ కలపడం ఇంట్లో చేసుకోగలిగిన పనే.

అపోహ: స్క్రీన్ మీద అంకెలు రావడం లేదు, రన్ నొక్కితే కదలదు. బోర్డు కాలిపోయింది.

కాలిపోలేదు, మరిచిపోయింది. ఈ ఇటుకలో హిటాచీ హెచ్8 అనే చిప్ 16 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. ఎప్పటికీ చెరగని మెమరీ 16 కిలోబైట్లు, ర్యామ్ 32 కిలోబైట్లు. ప్రోగ్రాములను నడిపించే ఫర్మ్‌వేర్ ఆ ర్యామ్‌లోనే ఉంటుంది. సెల్స్ తీసేస్తే కాసేపటికి అది చెరిగిపోతుంది. ఇరవై ఏళ్లు అటక మీద ఉన్నదానిలో అది మిగలదు.

కొత్త సెల్స్ ఆరు వేసి ఆన్ చేయండి. స్క్రీన్ మీద నిలబడిన మనిషి బొమ్మ, ప్రోగ్రాం నంబరు కనిపించి, గడియారం అంకెలు నాలుగూ కనిపించకపోతే సంతోషించండి. బోర్డు బాగుంది, ఫర్మ్‌వేర్ కోసం ఎదురుచూస్తోంది. తర్వాత ఎప్పుడైనా సెల్స్ మార్చాలంటే ముందు ఆఫ్ చేసి, కొత్తవి చేతిలో సిద్ధంగా పెట్టుకుని, నిమిషం లోపే మార్చేయండి. అప్పుడు మళ్లీ ఎక్కించే పని ఉండదు.

అపోహ: సెల్స్ గూట్లో తెల్లగా ఉప్పు పేరుకుంది, ఇక బాగుకాదు.

పది కిట్లలో ఏడెనిమిది ఇలాగే వస్తాయి, అంతమాత్రాన అవన్నీ పోయినట్టు కాదు. అయితే కారింది ఏ సెల్ అన్నది ముందు చూడాలి. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం. దానికి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ దూదిపుల్లతో అద్ది తుడవాలి. గోడ గడియారాలకు వేసే చవక జింక్-కార్బన్ సెల్స్ నుంచి కారేది ఆమ్ల గుణం ఉన్నది. దానికి నిమ్మరసం రుద్దితే లాభం లేదు, తడిపిన వంట సోడా వాడాలి. రెండింటికీ చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. చేతికి గ్లౌజు ఉండాలి, ఈ పని పిల్లల చేత చేయించవద్దు.

స్ప్రింగు తుప్పు తిని విరిగిపోతే పాత టీవీ రిమోట్ నుంచి ఒకటి తీసి సోల్డరింగ్ చేయొచ్చు. నేను మొదట్లో ఒక ఇటుకను తుడిచిన వెంటనే, తడి ఆరకముందే, సెల్స్ వేసి ఆన్ చేశాను. అది మళ్లీ లేవలేదు. ఇప్పుడు ఒక రాత్రంతా ఆరబెట్టనిదే ఏ ఇటుకకూ సెల్స్ వేయను.

రీచార్జబుల్ సెల్స్ పనికిరావన్న మాట కూడా నిజం కాదు. ఒక్కోటి 1.2 వోల్టులు, ఆరు కలిపితే 7.2. ఇటుక నడుస్తుంది, మోటార్లు కాస్త నెమ్మదిస్తాయి. "రెండు సెకన్లు తిరుగు" అని రాసిన ప్రోగ్రాంలో మలుపు తక్కువవుతుంది కాబట్టి ఆ సంఖ్య సరిచేసుకోవాలి.

అపోహ: విండోస్ 11లో డ్రైవర్ లేదు, కాబట్టి కిట్టు చచ్చినట్టే.

ఇటుకకు కేబుల్ ఉండదు. కంప్యూటర్‌కు తగిలించిన ఒక చిన్న టవర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో దానితో మాట్లాడుతుంది. ఈ టవర్లు రెండు రకాలు. మొదట వచ్చినది తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుది, తర్వాత వచ్చినది యూఎస్‌బీది.

సీరియల్ టవర్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మామూలు యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ ఒకటి కొంటే ఏ కంప్యూటర్‌కైనా తగులుతుంది. అయినా పనిచేయలేదని తెచ్చేవాళ్ల టవర్‌లో ఎక్కువసార్లు నేను మార్చేది ఒక్కటే: దాని కడుపులో ఉండే 9 వోల్టుల బ్యాటరీ. అక్కడ బ్యాటరీ ఉంటుందనే చాలామందికి గుర్తుండదు. పంపేటప్పుడు టవర్ ముందువైపు పచ్చ లైటు వెలగాలి. పాత సాఫ్ట్‌వేర్ చిన్న పోర్టు నంబర్లనే వెతుకుతుంది కాబట్టి డివైస్ మేనేజర్‌లో కామ్ 1 లేదా 2గా మార్చుకోండి.

యూఎస్‌బీ టవర్‌తో చిక్కు నిజమైనదే. దాని విండోస్ డ్రైవర్ 32 బిట్లకే రాశారు, విండోస్ 11 ఏమో 64 బిట్లలోనే వస్తుంది. అయితే లినక్స్ కెర్నల్‌లో ఈ టవర్‌కు డ్రైవర్ ఎప్పటినుంచో ఉంది. పాత ల్యాప్‌టాప్ మీద లినక్స్ వేసుకోండి. తగిలించగానే గుర్తుపట్టినా మామూలు యూజర్‌కు దాన్ని వాడే అనుమతి ఉండదు, అది ఇవ్వాలి. లినక్స్ అంటే టెన్షన్ పడేవాళ్లు వర్చువల్ మెషీన్‌లో విండోస్ ఎక్స్‌పీ పెట్టి, టవర్‌ను దానికి అప్పగించవచ్చు.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, నేను పెట్టెలో వచ్చిన సీడీ జోలికి పోను. డేవ్ బామ్ రాసిన ఎన్‌క్యూసీ అనే చిన్న భాష ఉంది. చూడటానికి సీ భాష లాగే ఉంటుంది. సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది కాబట్టి ఇప్పటి కంప్యూటర్‌లోనూ కంపైల్ అవుతుంది. ఫర్మ్‌వేర్ ఎక్కించేదీ, ప్రోగ్రాం పంపేదీ అదే.

ఫర్మ్‌వేర్ ఎక్కేటప్పుడు తొందర పనికిరాదు. వేగం 2400 బాడ్, అంటే సెకనుకు సుమారు 218 బైట్లు. ప్రతి బైట్ వెంట దాని తిరగేసిన రూపం (సున్నాలు ఒకట్లుగా, ఒకట్లు సున్నాలుగా) కూడా పోతుంది కాబట్టి అసలు సరుకు అందులో సగమే. 20 కిలోబైట్ల ఫైలుకు మూడు నిమిషాలు దాటుతుంది. ఆ మూడు నిమిషాల్లో మన అనంతపురం ఎండ కిటికీలోంచి బల్ల మీద పడితే చాలు, మధ్యలో ఆగిపోతుంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. నేను టవర్‌నూ ఇటుకనూ ఎదురెదురుగా పెట్టి వాటి మీద చెప్పుల అట్టపెట్టె బోర్లిస్తాను. అప్పటినుంచి ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు.

అపోహ: టవర్ పోయింది, ఇక దారి లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇక్కడే ఉంది. ఈ ఇటుక మాట్లాడే భాష రహస్యం కాదు. కిట్టు వచ్చిన కొద్దికాలానికే కెకోవా ప్రౌడ్‌ఫుట్ అనే విద్యార్థి దాన్ని విప్పి, ఒక్కో ఆజ్ఞనూ రాసి అందరికీ ఇచ్చాడు. ఆ సమాచారంతో ఆర్డుయినో మెగా (మనం ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న బోర్డు) ఒకటి, ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) ఎల్ఈడీ ఒకటి, టీఎస్ఓపీ 1738 రిసీవర్ ఒకటి ఉంటే టవర్ మీరే చేసుకోవచ్చు. ఆ రిసీవర్ టీవీలు బాగుచేసే ఏ షాపులోనైనా దొరుకుతుంది.

టీవీ రిమోట్ లాగే ఇక్కడా వెలుతురు సెకనుకు 38 వేల సార్లు మినుకుతుంది. పోలిక అంతవరకే, టీవీ రిమోట్ నొక్కితే ఇటుకకు ఏమీ అర్థం కాదు. ఇక్కడ పోయేది మామూలు సీరియల్ డేటా: 2400 బాడ్, ఎనిమిది బిట్లు, తప్పు పట్టుకోవడానికి అదనంగా ఒక బిట్ (బేసి ప్యారిటీ). సున్నా పంపాలంటే వెలుతురు మినుకుతుంది, ఒకటి పంపాలంటే చీకటి.

వైరింగ్ చాలా అందంగా కుదురుతుంది. ఎల్ఈడీ పొడుగు కాలును 38 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చే పిన్నుకు, పొట్టి కాలును 220 ఓమ్స్ రెసిస్టర్ మీదుగా మెగా బోర్డు 18వ పిన్నుకు కలపండి. ఆ 18 రెండో సీరియల్ పోర్టు పంపే పిన్ను. పంపేది లేనప్పుడు అది 5 వోల్టుల్లో ఉంటుంది కాబట్టి ఎల్ఈడీ వెలగదు. సున్నా పోయేటప్పుడు కిందికి దిగుతుంది, అప్పుడే 38 కిలోహెర్ట్జ్ మినుకు బయటికి వస్తుంది. రిసీవర్ అవుట్‌పుట్‌ను నేరుగా 19వ పిన్నుకు ఇవ్వండి. వెలుతురు కనబడితే అది సున్నా ఇస్తుంది, సరిగ్గా మనకు కావలసింది అదే. రిసీవర్ కాళ్ల వరుస మోడల్‌ను బట్టి మారుతుంది, డేటాషీట్ చూడకుండా కరెంటు ఇవ్వొద్దు.

మొదట పంపాల్సింది "ఉన్నావా?" అనే పలకరింపు (అంకెలన్నీ హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు మూలంగా రాసే లెక్కలో): 55, ఎఫ్ఎఫ్, 00, 10, ఈఎఫ్, 10, ఈఎఫ్. మొదటి మూడు తలుపు తట్టడం. 10 అసలు ఆజ్ఞ, ఈఎఫ్ దాని తిరగేసిన రూపం, తర్వాతి రెండూ చెక్‌సమ్ (డేటా సరిగ్గా చేరిందో చూసుకునే మొత్తం), దాని తిరగేసిన రూపం. ఇలా జంటగా పంపితే వెలుతురూ చీకటీ సమానమవుతాయి, గదిలో ఎప్పుడూ ఉండే వెలుగును రిసీవర్ వేరు చేసుకోగలుగుతుంది. ఇటుక బతికుంటే 55, ఎఫ్ఎఫ్, 00, ఈఎఫ్, 10, ఈఎఫ్, 10 అని బదులిస్తుంది.

రెండు చోట్ల అందరూ ఆగిపోతారు. మన ఎల్ఈడీ పంపింది మన రిసీవరే వింటుంది. కాబట్టి ముందు వచ్చే మన సొంత ఏడు బైట్లను పక్కన పెట్టి, ఆ తర్వాతవి చదవాలి. రెండోది, ఒకే ఆజ్ఞను వరసగా రెండుసార్లు పంపితే, పాతదే మళ్లీ వచ్చిందనుకుని ఇటుక బదులిచ్చి ఊరుకుంటుంది, పని చేయదు. అందుకే ఒకసారి 10, మరోసారి 18 అని మార్చి మార్చి పంపాలి. ఎల్ఈడీ అసలు వెలుగుతోందా అన్నది ఫోన్ సెల్ఫీ కెమెరాతో చూడండి, చాలా ఫోన్లలో ఊదారంగులో కనిపిస్తుంది.

మా పిల్లల బ్యాచ్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకటి ఈ బదులు మొదటిసారి స్క్రీన్ మీద చూసి "సార్, పలికింది!" అని అరిచింది. తనకంటే పదేళ్లు పెద్దదైన యంత్రం అది.

అపోహ: సెన్సార్లు కంపెనీవే కావాలి, అవి ఇప్పుడు దొరకవు.

టచ్ సెన్సార్ అంటే స్విచ్చే. ఇటుక లోపల 5 వోల్టులకు 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది, మనం తగిలించిన దాని నిరోధాన్ని బట్టి 0 నుంచి 1023 దాకా ఒక సంఖ్య వస్తుంది. ఏమీ తగిలించకపోతే 1023, 10 కిలో ఓమ్స్ పెడితే 511 దగ్గర. ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే భాగం) పెడితే వెలుతురు కొలవొచ్చు. సెన్సార్ రకం టచ్ అని, విలువ మాత్రం మార్చకుండా ఉన్నదున్నట్టు ఇవ్వమని ప్రోగ్రాంలో చెప్పాలి. మా పిల్లలు వేరుశనగ మొలకలున్న కుండీలో రెండు మేకులు గుచ్చి, మట్టి ఎంత ఎండిందో చూశారు. నీళ్లు పోయగానే సంఖ్య జారిపోవడం చూసి, మోటారుతో చిన్న గంట కొట్టే ప్రోగ్రాం రాసుకున్నారు. మన జిల్లా పిల్లలకు మట్టి తడి గురించి వేరే చెప్పనక్కర్లేదు కదా.

కంపెనీ లైట్ సెన్సార్, రొటేషన్ సెన్సార్ వేరు. వాటికి అవే రెండు తీగల్లో కరెంటు కూడా పోతుంది. అవి పాడైతే నేను బాగుచేయడానికి ప్రయత్నించను.

అపోహ: ఆర్డుయినో ఉండగా ఈ పాతదానితో పిల్లలు నేర్చుకునేదేముంది?

ఆర్డుయినో నేనూ చెప్తాను, పైన వాడింది అదే. కానీ పదేళ్ల పిల్లకు సోల్డరింగ్ లేకుండా, బ్రెడ్‌బోర్డు తీగ ఊడిపోకుండా, గంటలో కదిలే బండి కావాలంటే నేను ఈ ఇటుకే ఇస్తాను. మోటారు తీగ చివరి ముక్కను తిప్పి పెడితే చక్రం వెనక్కు తిరుగుతుంది. దిశ అంటే ఏమిటో వేలికే తెలుస్తుంది. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో సేమర్ పాపర్ట్ వంటివాళ్లు పిల్లల చేతుల్లో పెట్టడానికే ఇలాంటి ఇటుక మీద ఏళ్ల తరబడి పనిచేశారు, అది వాడుకలో కనిపిస్తుంది. ఇంకోటి, ఇందులో ఉన్నవి 32 వేరియబుల్స్ (విలువలు దాచుకునే గళ్లు), 10 టాస్కులు (ఒకేసారి నడిచే పనులు), 5 ప్రోగ్రాముల చోటు. పిల్ల తన వేరియబుల్స్‌ను వేళ్ల మీద లెక్కపెట్టుకుని వాడుతుంది. ఆ అలవాటు గిగాబైట్ల ఫోన్‌తో రాదు.

చిన్నచిన్నవి కొన్ని. తెల్ల, బూడిద రంగు ముక్కలు పసుపెక్కితే పనికి ఏ లోటూ లేదు, వాటిని తెల్లబరచడానికి పెరాక్సైడ్‌లో నానబెట్టే శ్రమ నేను పడను. రబ్బరు బెల్టులు మన ఎండకు ఎండి తెగిపోతాయి, బోరు పంపుల సామాను షాపులో ఆ సైజు ఓ-రింగులు దొరుకుతాయి. తీగ మీది తొడుగు పొడిపొడిగా రాలుతుంటే మాత్రం వాడొద్దు, షార్ట్ అవుతుంది. చివరి ముక్కలు విప్పి కొత్త తీగ వేయించండి.

పని అయ్యాక మళ్లీ పెట్టెలో పెట్టేటప్పుడు సెల్స్ తీసేయండి, టవర్‌లోని 9 వోల్టులది కూడా. ఫర్మ్‌వేర్ పోతుంది, పోనీయండి. ఆ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎక్కించే పద్ధతిని తెలుగులో ఒక కాగితం మీద రాసి, రెండూ అదే పెట్టెలో పెట్టి మూయండి.