పిన్ని పేరు పక్కన ఆ ఏడు

చిరంజీవులు శ్రావ్యకూ, బంటికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బంటి అడిగిన ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పేదాన్ని, కానీ అది రెండు ముక్కల్లో తేలేది కాదు. పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్లో మీ పిన్ని పేజీ చూశారట కదా. సైటేషన్లు 212, హెచ్-ఇండెక్స్ 7 అని ఉందట. "పన్నెండేళ్ళు మాలిక్యులర్ బయాలజీ చేసి ఏడేనా అమ్మమ్మా?" అన్నాడు వాడు. ముప్పై ఏళ్ళు బయోకెమిస్ట్రీ ల్యాబులో పాఠాలు చెప్పినదాన్ని, ఆ మాట విని ఊరుకోలేకపోయాను.

నా ఆవకాయ బాగుందని ఎవరైనా అంటే "కొలత మా అత్తగారిది" అంటాను కదా, పరిశోధకులూ అంతే. ఎవరి పద్ధతి వాడుకున్నారో, ఎవరి పనిమీద ఆధారపడ్డారో వాళ్ళ పేపరును, అంటే పరిశోధన వ్యాసాన్ని, తమ పేపరు చివర రాస్తారు. అలా రాసిన ప్రతిసారీ ఆ పేపరుకు ఒక సైటేషన్. వీటన్నిటినీ పోగుచేసి అచ్చువేయడం అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో మొదలుపెట్టారు. హెచ్-ఇండెక్స్ అంతకన్నా చాలా కొత్తది, 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు చెప్పిన లెక్క. ఒకరి పేపర్లను, ఎక్కువ సైటేషన్లున్నది పైన ఉండేలా, వరసగా రాయండి. 40, 12, 5, 3, 1 అనుకుందాం. మూడో పేపరుకు కనీసం మూడు కావాలి, 5 ఉన్నాయి, చాలు. నాలుగోదానికి మూడే ఉన్నాయి, నాలుగు లేవు. అక్కడ ఆగిపోవాలి. హెచ్-ఇండెక్స్ 3. పిన్నికి 7 అంటే, కనీసం ఏడేసి సైటేషన్లున్న పేపర్లు తనకు ఏడున్నాయని. నూటికి ఏడు మార్కులని కాదు బంటీ.

ఇక ఆ అంకె ఏం చెప్పదో వినండి.

2014లో నేచర్ అనే సైన్సు పత్రిక, అన్ని శాస్త్రాలూ కలిపి అత్యధిక సైటేషన్లున్న పేపర్లు ఏవో చూసింది. మొదటిది 1951లో ఆలివర్ లోరీ, ఆయన తోటివాళ్ళు రాసినది. ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో నీలిరంగును బట్టి తేల్చే పద్ధతి అది. అప్పటికే 3 లక్షల 5 వేలు దాటాయి. అదే వాట్సన్, క్రిక్ 1953లో డీఎన్‌ఏ ఆకారం చెప్పిన పేపరుకు 5,200 చిల్లర. మొదటి వందలో దానికి చోటే లేదు. ఎందుకంటే కొలిచిన ప్రతివాడూ లోరీ పేరు రాయాలి. డీఎన్‌ఏ స్కూలు పుస్తకాల్లోకే ఎక్కిపోయింది, ఇంకెవరు రాస్తారు? సున్నా వేసినప్పుడల్లా అది ఎవరిదో మనం రాస్తున్నామా? తన పేపరు అంత గొప్పదేమీ కాదని తనకు తెలుసని, అయినా ఆ ఆదరణ చూస్తే లోలోపల సంతోషంగా ఉంటుందని లోరీయే ఒక ఉత్తరంలో రాశారు. ఆ నిజాయితీ నాకెంతో ఇష్టం.

మా ల్యాబులోనూ ఒక నీలిరంగు ఉండేది. రక్తం నుంచి తీసిన సీరంలో ప్రోటీన్లను యాసిడ్‌తో విరగ్గొట్టి, వడగట్టి, ఆ తేట నీటిలో అమోనియం మాలిబ్డేట్ కలిపి, ఇంకో మందు వేసి కాసేపు ఆగితే గొట్టం నీలమవుతుంది. ఎంత ఫాస్ఫరస్ ఉంటే అంత ముదురు. మీలాంటి ఎదిగే పిల్లల రక్తంలో పెద్దవాళ్ళకంటే ఎక్కువే ఉంటుంది. రికార్డులో దాన్ని "ఫిస్క్, సుబ్బారో పద్ధతి" అని రాసేవారు. ఒక ఏడాది ఒకమ్మాయి గొట్టం చేత్తో పట్టుకునే, "మేడమ్, సుబ్బారో అంటే మన సుబ్బారావుగారా?" అంది. అవునమ్మా, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే అన్నాను. ఆ పేపరు 1925 నాటిది. ఇన్నేళ్ళు వాడుకలో ఉన్న పేపర్లు బహు తక్కువ.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనలోంచి అమినోప్టెరిన్ అనే మందు వచ్చింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, వచ్చిన 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందికి కొంతకాలమైనా జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ జబ్బు వచ్చిన పిల్లలకు అప్పటివరకూ చావు తప్ప మరో దారి లేదు. 1948లో ఆ ఫలితాలతో ఫార్బర్ పేపరు వచ్చింది. రాసినవాళ్ళలో సుబ్బారావుగారి పేరు లేదు. ఆ సైటేషన్లలో ఒక్కటీ ఆయన ఖాతాలో పడదు. అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయారు. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఉద్యోగాలకూ ప్రమోషన్లకూ ఈ అంకెలే చూస్తారు కాబట్టి పిన్నికీ టెన్షన్ తప్పదు. నిన్న రాత్రి అడిగాను, నీ పేపర్లన్నిటిలో నీకు ఇష్టమైనది ఏదే అని. నాలుగే సైటేషన్లున్న ఒకదాని పేరు చెప్పింది. మూడేళ్ళు పట్టిందట, అందులో ఏడాదిన్నర ఒక్క ప్రోటీన్‌ను శుద్ధి చేయడానికే పోయిందట. దసరాకు వచ్చినప్పుడు ఆ కథంతా మీకు చెబుతానంది. సున్నుండలు చేసి ఉంచుతాను, త్వరగా రండి.

మీ అమ్మమ్మ