ధైర్యం చెప్పడం: అపోహలు, వాస్తవాలు

అపోహ: బాధలో ఉన్నవాళ్లని ఓదార్చాలంటే మంచి మాటలు రావాలి

కోనసీమ ఊళ్లలో కౌన్సెలింగ్ చేస్తుంటే నాకు తరచూ వినపడే మాట: "పరామర్శకి వెళ్దామంటే ఏం మాట్లాడాలో తెలీదండీ."

ఒక రొయ్యల రైతు సంగతి చెబుతాను. వాళ్లు ఒప్పుకున్నాకే, గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. చెరువుకి వైట్ స్పాట్ అనే, రొయ్యల్ని చంపేసే వైరస్ జబ్బు తగిలి, సైజు రాకుండానే పట్టుబడి చేసేశారు. గట్టు మీదకి వచ్చినవాళ్లంతా మంచి మనసుతోనే వచ్చారు. "పోన్లెండి, వచ్చే పంటకి లాగేద్దురు" అని ఒకరు, "మా బావమరిదికి ఇంతకి రెట్టింపు పోయింది" అని ఇంకొకరు. "వాళ్లు వెళ్లాక గుండె ఇంకా బరువెక్కిపోయిందండి" అన్నారాయన.

ఓదార్పు మాటల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అమెరికన్ ఆచార్యుడు బ్రాంట్ బర్లెసన్ తేల్చింది ఇదే. బాధని తగ్గించి చూపే మాట కన్నా, ఆ బాధ న్యాయమైనదేనని ఒప్పుకుని, ఇంకా చెప్పుకోనిచ్చే మాట మేలు చేస్తుంది. "ఎప్పుడు చూశారు? అప్పుడు మీకెలా అనిపించింది?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వింటే చాలు.

అపోహ: చేసిన సాయం తెలిస్తేనే ధైర్యం

2000లో మనస్తత్వ పరిశోధకుడు నియాల్ బోల్గర్ బృందం న్యూయార్క్‌లో లాయర్ల పరీక్షకి చదువుతున్నవాళ్ల చేత, వాళ్ల జీవిత భాగస్వాముల చేత రోజూ డైరీ రాయించింది. "ఈ రోజు సాయం చేశాను" అని భాగస్వామి రాసి, చదివేవాళ్లు మాత్రం "సాయం అందింది" అని రాయని రోజులున్నాయి. అలాంటి సాయం అందినప్పుడే వాళ్లలో దిగులు తగ్గింది. సాయం కళ్లకి కనబడితే, 'నా వల్ల కావట్లేదు' అన్న టెన్షన్ కూడా తోడవ్వచ్చు.

మన రైతు "మా ఆవిడ ఒక్క మాటా అనలేదండి" అన్నారు. ఆవిడేమో మేత కొట్టాయనకి ఫోన్ చేసి, బాకీకి దసరా దాకా గడువు అడిగి పెట్టింది. పదిహేను రోజులు ఇంటికొచ్చిన ఫోన్లన్నీ తనే ఎత్తింది. ఆ సంగతి ఆవిడ నోట విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

అలాగని ఎప్పుడూ దాచాలని కాదు. అవతలివాళ్ల అవసరాన్ని సరిగ్గా అర్థం చేసుకుని చేస్తే, కనబడే సాయమూ మేలే చేస్తుందని 2009లో మైసెల్, గేబుల్ చూపించారు.

అపోహ: ఎంత చెప్పుకుంటే అంత తేలిక

కొంతవరకే. కువైట్‌లో ఇంటిపని చేసే అక్క, ఇక్కడున్న చెల్లి రోజూ రాత్రి వీడియో కాల్‌లో అదే అప్పు, అదే అత్తగారి గురించి గంటలకొద్దీ తిరగేసుకునేవారు. స్కూలు పిల్లల స్నేహాల్లో ఈ అలవాటునే 2002లో అమాండా రోజ్ పరిశీలించారు. ఈ అలవాటు ఎక్కువున్నవాళ్లలో స్నేహం గట్టిగా ఉంది, దాంతోపాటు దిగులూ ఆందోళనా ఎక్కువగానే ఉన్నాయి. ఆ అక్కాచెల్లెళ్లకి నేను చెప్పిందల్లా, కాల్‌లో సగం సేపు పిల్లల కబుర్లకి, వంటల కబుర్లకి ఇమ్మని.

అపోహ: అయినవాళ్లుంటే చాలు

గోదావరి దాటించే పంటు మీద పలకరించే మనిషి, రేవులో కనబడే ముఖం కూడా లెక్కలోకి వస్తాయి. ముఖపరిచయం ఉన్నవాళ్లతో ఎక్కువగా మాట్లాడిన రోజున మనుషులు మరింత సంతోషంగా ఉంటున్నారని 2014లో శాండ్‌స్ట్రామ్, డన్ గమనించారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు నా దగ్గరికొస్తే ముందుగా అడిగేది ఒకటే: పొద్దున్నే టీ కొట్టుకి వెళ్తున్నారా, మానేశారా?