ఆస్కార్ నామినేషన్లు, జాతీయ అవార్డులు, వసూళ్లు: అపోహలు - వాస్తవాలు

నైజాంలో సినిమాల పంపిణీ నా పని. ఎక్కువగా ఇంగ్లిష్, హిందీ సినిమాలు, అప్పుడప్పుడు చిన్న తెలుగు సినిమాలు. ఆస్కార్ నామినేషన్లు వెలువడినప్పుడూ, జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడూ తెలిసినవాళ్లందరికీ నేను గుర్తొస్తాను. "ఇక ఆ సినిమా పంట పండినట్టే కదా?" అని సగం మంది అడుగుతారు. "అవార్డు సినిమాలు ఎవరు చూస్తారండీ?" అని మిగతా సగం మంది పెదవి విరుస్తారు. రెండు పక్షాలూ గట్టిగానే మాట్లాడతాయి గానీ లెక్కలు మాత్రం ఎవరి దగ్గరా ఉండవు. గత సంవత్సరాల లెక్కలు తిరగేస్తే నాకు కనిపించేది ఇది: అవార్డు డబ్బుగా మారుతుందా లేదా అన్నది చాలావరకు తేదీలే తేలుస్తాయి. సినిమా ఎప్పుడు విడుదలైంది, గుర్తింపు ఎప్పుడు వచ్చింది, ఆ రోజుకు అది ఇంకా థియేటర్లో ఉందా అన్నవే అసలు ప్రశ్నలు.

అపోహ: అవార్డు సినిమా అంటే ఆడని సినిమా

ఫిల్మ్‌నగర్‌లో కథ చెప్పడానికి వచ్చే కుర్రాళ్లు కూడా "ఇది అవార్డు సినిమా కాదు సార్, కమర్షియలే" అని ముందే హామీ ఇస్తారు. ఆ భయానికి చరిత్రలో పెద్ద ఆధారం లేదు. టైటానిక్‌కు 14 నామినేషన్లు, 11 ఆస్కార్లు వచ్చాయి. తొలి విడుదలలోనే ప్రపంచవ్యాప్తంగా 180 కోట్ల డాలర్లు దాటింది. 2003 నాటి లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చివరి భాగం పోటీ పడ్డ 11 విభాగాల్లోనూ గెలిచింది, వసూళ్లు 110 కోట్ల డాలర్ల పైమాటే. ఓపెన్‌హైమర్ ఏడు ఆస్కార్లు, 95 కోట్ల డాలర్లకు పైగా వసూళ్లు తెచ్చుకుంది.

మన దగ్గరా అంతే. శంకరాభరణం 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు థియేటర్లు వెలవెలబోయాయి. పెద్ద హీరో లేడు, కథానాయకుడు వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు. చూసినవాళ్లు చెప్పిన మాట మీదే హాళ్లు నిండాయి. జాతీయ అవార్డు ఆ జనాదరణకు వేసిన ముద్ర. బాహుబలి మొదటి భాగం 2015 జులైలో వచ్చి వందల కోట్లు వసూలు చేశాక, మరుసటి ఏడాది మార్చిలో జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది.

అయితే అపోహ పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. హాలీవుడ్ స్టూడియోలు తమ పెట్టుబడిని సూపర్‌హీరోల మీదకు, కొనసాగింపు చిత్రాల మీదకు మళ్లించాక, పెద్దవాళ్ల కోసం తీసే మధ్యతరహా సినిమా చిన్న సంస్థల చేతికి వెళ్లింది. నామినేషన్ల జాబితా ఆ చిన్న సినిమాలతో నిండింది. జనాదరణ పొందిన డార్క్ నైట్‌కు ఉత్తమ చిత్రం నామినేషన్ దక్కలేదన్న విమర్శల తర్వాత, 2009లో అకాడమీ ఆ జాబితాను ఐదు నుంచి పదికి పెంచింది. అలా పెంచిన తొలి ఏడాదే అవతార్‌ను పక్కనపెట్టి హర్ట్ లాకర్‌కు బహుమతి ఇచ్చారు. ఓటర్లు కలెక్షన్ రిపోర్టు చూసి ఓటు వేయరని అంతకన్నా ఎలా చెప్పాలి!

అపోహ: నామినేషన్ వచ్చిందంటే వసూళ్లు పెరిగి తీరతాయి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

హర్ట్ లాకర్ అమెరికాలో 2009 జూన్‌లో విడుదలైంది. నామినేషన్లు వచ్చింది 2010 ఫిబ్రవరిలో. ఈలోగా జనవరిలోనే డీవీడీ దుకాణాల్లోకి వచ్చేసింది. ఉత్తమ చిత్రంగా గెలిచినా అమెరికా మొత్తం వసూళ్లు 1.7 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయాయి. బహుమతి వచ్చింది గానీ దాన్ని సొమ్ము చేసుకోవడానికి చేతిలో సినిమా లేదు.

స్లమ్‌డాగ్ మిలియనీర్ సంగతి చూడండి. 2008 నవంబరులో అమెరికాలో కేవలం పది థియేటర్లతో మొదలుపెట్టారు. ఒక్కసారిగా పరచకుండా అవార్డుల రుతువు కోసం బిగపట్టి ఉంచారు. 2009 జనవరి 22న నామినేషన్లు వచ్చాయి, థియేటర్లు పెంచుకుంటూ పోయారు, ఫిబ్రవరిలో ఎనిమిది ఆస్కార్లు గెలిచింది. చివరికి రెండు వేల తొమ్మిది వందలకు పైగా థియేటర్లలో ఆడింది. అమెరికాలో వచ్చిన 14.1 కోట్ల డాలర్లలో ఎక్కువ భాగం నామినేషన్ల తర్వాత వచ్చినదే. దాని నిర్మాణ వ్యయం 1.5 కోట్ల డాలర్లు. హర్ట్ లాకర్‌కూ ఇంచుమించు అంతే అయింది. రెండూ ఉత్తమ చిత్రాలే. తేడా అంతా విడుదల తేదీలోనూ, పంపిణీదారుడు పట్టిన ఓపికలోనూ ఉంది.

అంతకుముందు షాషాంక్ రిడెంప్షన్ ఉంది. 1994లో తొలి విడతలో 1.6 కోట్ల డాలర్లు మాత్రమే తెచ్చింది, పెట్టుబడి 2.5 కోట్లు. ఏడు నామినేషన్లు వచ్చాక మళ్లీ థియేటర్లకు పంపితే మొత్తం 2.8 కోట్లకు చేరింది. ఒక్క ఆస్కారూ రాలేదు. ఇక్కడ గెలుపుకన్నా నామినేషన్ నుంచి బహుమతి రోజు వరకు ఉండే ఆ కొద్ది వారాలే పనిచేశాయి. థియేటర్ యజమానితో మాట్లాడేటప్పుడు ఆ వారాలు బంగారం. గెలవకుండా ఆ రాత్రి దాటిపోయిందా, సోమవారం నుంచి ఎవరూ ఫోన్ ఎత్తరు.

అపోహ: హైదరాబాద్‌లో ఆస్కార్ సినిమాలకు జనం రారు

సికింద్రాబాద్‌లో సంగీత్ థియేటర్ ఉన్న రోజులు గుర్తున్నవాళ్లు ఈ మాట అనరు. అప్పట్లో ఇంగ్లిష్ సినిమాలు మనకు నెలల ఆలస్యంగా వచ్చేవి. ఆ ఆలస్యమే ఒక్కోసారి కలిసొచ్చేది. టైటానిక్ అమెరికాలో 1997 డిసెంబరులో విడుదలైతే మనకు వచ్చింది 1998 మార్చిలో, సరిగ్గా ఆస్కార్ల ముంగిట. పత్రికల్లో ఆ హడావుడి నడుస్తుండగా ఇక్కడ టికెట్లు తెగేవి. ఇప్పుడు పెద్ద సినిమా ప్రపంచమంతా ఒకే రోజు వస్తుంది. ఓపెన్‌హైమర్ 2023 జులై 21న అక్కడా ఇక్కడా ఒకేసారి విడుదలైంది. ప్రపంచవ్యాప్తంగా బార్బీది పైచేయి అయితే, భారతదేశంలో ఓపెన్‌హైమర్ దాన్ని చాలా వెనక్కి నెట్టింది. ఐమాక్స్ తెర లేని హైదరాబాద్‌లో కూడా పెద్ద తెర టికెట్ల కోసం జనం ఎగబడ్డారు. ఆస్కార్లు వచ్చింది 2024 మార్చిలో. అప్పటికి మా ఖాతాలు ఎప్పుడో మూసేశాం.

పారసైట్‌ది మరో దారి. మన దేశంలో 2020 జనవరి 31న, నామినేషన్లు వచ్చిన రెండు వారాలకు విడుదలైంది. కొరియన్ సినిమా, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్, తెలుగు డబ్బింగ్ లేదు. అలాంటి సినిమాకు రెండో వారంలో మిగిలేవి మధ్యాహ్నం ఒకటి, రాత్రి పది దాటాక ఒకటి. ఫిబ్రవరి 10 సోమవారం ఉదయం మన సమయం ప్రకారం నాలుగు ఆస్కార్లు ప్రకటించారు. సోమవారం ప్రకటన రావడం మా వ్యాపారంలో పెద్ద సౌకర్యం. శుక్రవారం నుంచి ఏ తెరమీద ఏ ఆట అన్నది మల్టీప్లెక్స్‌లు ఖరారు చేసేది మంగళ, బుధవారాల్లో. అంటే వార్త వేడిగా ఉండగానే ఆటలు అడగవచ్చు. ఇప్పుడు ప్రింటు పెట్టెలు మోయాల్సిన పని లేదు. సినిమా ఫైలు థియేటర్ సర్వర్‌లోనే ఉంటుంది, ఫలానా తేదీ వరకు తెరుచుకునే కీ పంపితే చాలు. అలా గచ్చిబౌలి, కొండాపూర్ వైపు తెరల్లో కొత్త ఆటలు దొరికాయి. అమెరికాలో కూడా అదే జరిగింది: ఆస్కార్ నాటికి 3.5 కోట్ల డాలర్లున్న సినిమా 5.3 కోట్లకు చేరింది, అదీ అప్పటికే డిజిటల్‌లో అమ్మకానికి వచ్చాక. తొలిసారి ఇంగ్లిషేతర సినిమా గెలిచిందన్న వింత దానికి తోడైంది. మనకు మాత్రం మార్చి మధ్యలో కరోనాతో హాళ్లే మూతపడ్డాయి.

పాయల్ కపాడియా సినిమా ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్ ఇంకో రకం పాఠం. 2024 మే నెలలో కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి బహుమతి గెలిచింది. దేశవ్యాప్త విడుదల నవంబరు 22న, మన రానా దగ్గుబాటి సంస్థ ద్వారా. డిసెంబరులో గోల్డెన్ గ్లోబ్ నామినేషన్లు రెండు వచ్చాయి. జనవరి 3న ఓటీటీలోకి వెళ్లిపోయింది. "అరె, చూద్దామనుకున్నానే" అని నాతో అన్నవాళ్లు తక్కువేమీ కాదు. ఆ అనుకోవడానికీ టికెట్ కొనడానికీ మధ్య ఆరు వారాలు సరిపోలేదు.

అపోహ: ఆర్‌ఆర్‌ఆర్‌కు ఆస్కార్ వల్లే అంత డబ్బు వచ్చింది

వరస చూడండి. 2022 మార్చి 25న విడుదల. ఏప్రిల్‌లోనే వెయ్యి కోట్ల గ్రాస్, అంటే పన్నులు కూడా కలిపిన మొత్తం వసూళ్లు. మే 20న ఓటీటీ. అక్టోబరు 21న జపాన్ విడుదల. అక్కడ 1998 నుంచి ముత్తు పేరిట ఉన్న భారతీయ సినిమాల వసూళ్ల రికార్డును డిసెంబరులో దాటింది. నాటు నాటుకు నామినేషన్ వచ్చింది 2023 జనవరిలో, ఆస్కార్ మార్చిలో. సింహభాగం వసూళ్లు అప్పటికే జేబులో పడ్డాయి. అవార్డుల ఊపు ఉపయోగపడింది జపాన్‌లో ప్రదర్శన నెలల తరబడి సాగడానికి, అమెరికాలో మార్చి మొదట్లో మరో విడుదలకు. అది చిన్న విషయమని నేననను. మూల వసూళ్లతో పోలిస్తే కొసరు అంటున్నానంతే.

మరో మాట: ఆర్‌ఆర్‌ఆర్‌ను భారతదేశం ఆస్కార్‌కు పంపిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఏడాది అంతర్జాతీయ చిత్రం విభాగానికి మన అధికారిక ఎంట్రీ గుజరాతీ సినిమా ఛెల్లో షో. పాట విభాగానికి దేశం ఎంపికతో సంబంధం లేదు. తెలుగు నుంచి అధికారికంగా వెళ్లినది స్వాతిముత్యం.

అపోహ: జాతీయ అవార్డు వస్తే సినిమా మళ్లీ ఆడుతుంది

ఆడదు. ఆడటానికి ఏమీ మిగలదు. మహానటి 2018 మేలో వచ్చింది, అవార్డులు 2019 ఆగస్టులో. పుష్ప మొదటి భాగం 2021 డిసెంబరులో వస్తే, అల్లు అర్జున్‌కు ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించింది 2023 ఆగస్టులో. కార్తికేయ 2కు రెండేళ్లు. బలగం 2023 మార్చిలో విడుదలై, మూడు వారాలకే ఓటీటీకి వచ్చినా ఊళ్లలో తెరలు కట్టి జనం గుమిగూడి చూశారు; ఆ సినిమా పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు ప్రకటించింది 2025 ఆగస్టులో. జాతీయ అవార్డు విలువ ఆ సినిమా వసూళ్లలో వెతకడం దండగ. నటుడి తర్వాతి పారితోషికంలోనో, దర్శకుడికి దొరికే తర్వాతి నిర్మాతలోనో వెతకాలి.

ఇక పోస్టర్ల మీద ఆకుల దండలు వేసుకునే అవార్డులున్నాయి. ప్రవేశ రుసుము కట్టిన సినిమాలన్నిటికీ ఏదో ఒకటి ఇచ్చే ఉత్సవాలు బోలెడు. వాటిని చూసి బుకింగ్ కౌంటర్ దగ్గర ఆగిన ప్రేక్షకుణ్ని నేనింతవరకు చూడలేదు.

అపోహ: తక్కువ వసూళ్లంటే నష్టం

ఉత్తమ చిత్రం ఆస్కార్ గెలిచిన అనోరా నిర్మాణ వ్యయం 60 లక్షల డాలర్లు. ప్రపంచ వసూళ్లు 5 కోట్ల డాలర్లు దాటాయి. పక్కన పెద్ద సినిమా పెడితే చిల్లరలా కనిపిస్తుంది, పెట్టుబడి పక్కన పెడితే కనిపించదు. కోడా సంగతైతే బాక్సాఫీసుతోనే పనిలేదు. యాపిల్ దాన్ని 2.5 కోట్ల డాలర్లకు కొని తన ఓటీటీలో పెట్టింది, అయినా ఉత్తమ చిత్రమైంది.

గ్రాస్ అంకెను చూసి మురిసిపోయేవాళ్ల కోసం ఒక టికెట్ విప్పి చూపిస్తాను. తెలంగాణలో మల్టీప్లెక్స్ టికెట్ 295 రూపాయలు అనుకోండి. అందులో 45 రూపాయలు జీఎస్‌టీ. మిగిలింది 250. తొలివారం దాదాపు సగం పంపిణీదారుడికి, అంటే 125. హిందీ సినిమాలకు మల్టీప్లెక్స్‌లతో 2009లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ వాటా వారం వారం 50, 42.5, 37.5, 30 శాతానికి దిగుతుంది. పాప్‌కార్న్ డబ్బు మాది కాదు. ఇప్పుడు ఆలోచించండి: అవార్డు వల్ల లాభపడే సినిమా సహజంగానే మూడో, నాలుగో వారంలో నిండుతుంది. నాలుగో వారమైతే 250లో మాకు వచ్చేది 75 రూపాయలు. హాలు నిండినా సంతోషం ఎక్కువగా థియేటర్‌దే. సింగిల్ స్క్రీన్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ చాలాచోట్ల మేం అద్దె కట్టాలి. ఆర్‌టీసీ క్రాస్ రోడ్స్‌లో వారం అద్దెకు తీసుకుని నలభై మందితో ఆట నడిపితే చేతి డబ్బు పోతుంది. అద్దె వద్దు, పర్సంటేజీ (వసూళ్లలో వాటా) కావాలని 2025 వేసవిలో థియేటర్ యజమానులు పట్టుబట్టింది ఎందుకో కూడా ఇక్కడే అర్థమవుతుంది: పెద్ద సినిమా లాభం వాళ్లకు అందడం లేదు. చిన్న సినిమాకు మాత్రం పర్సంటేజీయే నయం.

కాబట్టి నామినేటైన సినిమా నా ముందుకు వస్తే ముందు ట్రైలర్ చూడను. ఓటీటీ తేదీ అడుగుతాను, తర్వాత డబ్బింగ్ ఉందా అని. విడుదలకూ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాల వ్యవధి ఉంటే ఐదారు మల్టీప్లెక్స్‌లలో రోజుకు రెండేసి ఆటలతో మొదలుపెట్టి, ఫలితాల సోమవారం దాకా నెట్టుకొస్తాను. ఓటీటీ తేదీ అంతకన్నా ముందే ఖరారై ఉంటే ఒక్క మార్నింగ్ షోకు మించి అడగను.