ఏట్లో దిగి కొలిచేవాడిగా చెప్తున్నా: నది సర్వే మీద అపోహలు - వాస్తవాలు

కాశీనగర్, బత్తిలి వైపు నుంచి గొట్టా బ్యారేజీ దాకా వంశధారలో ఎండాకాలం అంతా ఎత్తులు కొలిచే స్టాఫ్ కర్ర పట్టుకుని తిరగడమే మా పని. గట్టు మీద ఎవరో ఒకరు "ఏటి బాబూ, ఇసుక కొలుస్తున్నారా, మా భూములు గానీ పోతాయా" అని అడగని రోజు లేదు. భూములూ కాదు ఇసుకా కాదు, ఏరు అడుగున ఎలా ఉందో కొలిచి, ఎంత నీరొస్తే ఎంత ఎత్తుకి లేస్తుంది, చేపకి ఎక్కడ చోటు మిగుల్తుంది అని లెక్కగట్టడం.

అపోహ: శాటిలైట్‌లో అంతా కనబడుతుంది కదా, మళ్ళీ దిగడం దేనికి?

కనబడేది నీటి పైభాగమే అండి. అంతరిక్షం నుంచి రాడార్‌తో నేల ఎత్తులు కొలిచిన, ఫ్రీగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం డేటాలో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు, ఎత్తులో తప్పు మీటర్లలో ఉంటుంది, మోకాల్లోతు ఏటికి ఆ తప్పే ఏటికంటే లోతు! పైగా అది 2000 ఫిబ్రవరిలో తీసింది, ఆ తర్వాత 2018 తిత్లీ తుఫాను వరదే ఒకటి చాలు, ఇసుక ఏటి అడుగు మారిపోడానికి.

అపోహ: ఏటికి అడ్డంగా పది మీటర్లకో కొలత పాయింట్ పెట్టుకుంటూ పోతే సరిపోతుంది.

నేనూ మొదటి ఏడాది అదే చేశాను, రెండు పాయింట్ల మధ్య ఇరుకుగా లోతుగా పోతున్న పాయ తప్పిపోయింది, ఆ కొలతలతో కంప్యూటర్లో ఏటి మోడల్ రన్ చేస్తే మాఘమాసం నీటికే గట్టు దాటేసినట్టు చూపించింది, ఆఫీసులో నవ్వారు. పాయింట్ పెట్టాల్సింది నేల వాలు మారిన ప్రతి చోటా. అడ్డకోత గీత, అంటే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అడ్డంగా కొలిచే గీత, అదీ అంతే, వంపు దగ్గర, మడుగు దగ్గర, రాళ్ళ మీద నీరు గలగలమనే చోట, బ్రిడ్జికి పైనా కిందా తియ్యాలి, వరద ఎక్కే ఎత్తు దాకా గట్టెక్కి మరీ తియ్యాలి. ఇక్కడ ఆంధ్రా-ఒడిశా బోర్డర్ తలనొప్పి ఒకటి, అటు గట్టు ఒక బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి ఇటు గట్టు ఇంకో దాన్నుంచి తీసి రెండూ కలపకపోతే నీళ్ళు ఎగువకి పారతాయి, కంప్యూటర్లో.

అపోహ: లోతు ఎక్కువుంటే చేపలు ఎక్కువ.

ఇది మాత్రం వివరంగా చెప్పాలి. ఏ చేప, ఏ వయసులో అని అడగాలి ముందు. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, తుప్పల్లో నిలవ నీరే దానికి ఇష్టం. శీలావతి, బొచ్చె అయితే వానాకాలం పారే కొత్త నీటిలో గుడ్లు పెడతాయి, పిల్లలకి మాత్రం అంచున పల్చటి నెమ్మది నీరు కావాలి, నడి ఏట్లో పడితే కొట్టుకుపోతాయి. అందుకే లోతు, వడి, అడుగున ఉన్నది ఇసుకా రాయా అనేవి ఒక్కోదానికి సున్నా నుంచి ఒకటి దాకా మార్కులేసి, ఎంత విస్తీర్ణం పనికొస్తుందో లెక్క తీస్తాం. ఇంకో మెలిక, మామూలుగా వడిని నీటి పైనుంచి లోతులో 0.6 వంతు దగ్గర కొలుస్తారు, లోతెక్కువైతే 0.2, 0.8 దగ్గర రెండుసార్లు తీసి సగటు కడతారు. కానీ రాయి వెనకాల అడుగున పడుకున్న జెల్లకి ఆ సగటుతో పనేముంది, దాని మూతి దగ్గర వడి చాలా తక్కువ. వల వేసే తాతలకి ఇది ఎప్పట్నుంచో తెలుసు, ఏ మడుగులో ఏది దొరుకుతుందో ముందు వాళ్ళనడిగాకే మేము గీతలు గీస్తాం.

సాఫ్ట్‌వేర్ ఖరీదైనదైతే రిజల్ట్ కరెక్ట్ అనుకునేవాళ్ళూ ఉన్నారు. హెచ్‌ఈసీ-రాస్ అనే నీటి మోడల్ సాఫ్ట్‌వేర్ అమెరికా ఆర్మీ ఇంజనీర్లది, ఫ్రీనే. అందులో నేల నీటిని ఎంత ఆపుతుందో చెప్పే గరుకుదనం అంకె మానింగ్ ఎన్ మనమే ఇవ్వాలి, శుభ్రమైన ఇసుక ఏటికి 0.03 దగ్గర, తుప్పలు దట్టంగా ఉన్న గట్టుకి 0.1 దాకా. కొలిచిన రోజు నీటిమట్టానికి మోడల్ మట్టం కలవకపోతే మళ్ళీ మొదటికే.

ఒకసారి కొలిస్తే పదేళ్ళు చాలనుకోకండి, పెద్ద వరద పోయాక అవే గీతల మీద మళ్ళీ దిగాలి. అందుకే చెప్పేది, గట్టు మీద ఎర్ర రంగు రాసిన మేకు కనబడితే దానికి గేదెని కట్టకండి బాబూ, మా లెక్కంతా దానిమీదే ఉంది.