రెండు తెరల నడుమ సందు

అరవై ఏళ్ల నాటి ఫిల్మ్ కెమెరా ఇంకా సరిగ్గా పనిచేస్తోందంటే, ఆ ఘనతను చాలామంది ఇత్తడికీ ఉక్కుకూ కట్టబెడతారు. కానీ ఫిల్మ్‌పై వెలుతురు పడనిచ్చి మళ్లీ ఆపే షట్టర్‌ను నడిపే స్ప్రింగు కూడా లోహమే, అది ఏళ్లు గడిచేకొద్దీ బిగువు కోల్పోతూనే ఉంటుంది. ఆ వదులు ఫొటోలో కనిపించకపోవడమే నన్ను ఆశ్చర్యపరిచే విషయం.

1954లో వచ్చిన లైకా ఎం3, 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ వంటి వాటిలో ఫిల్మ్‌కు ముందు రెండు తెరలుంటాయి. మొదటిది పక్కకు జరిగి ఫిల్మ్‌ను వెలుతురుకు తెరిస్తే, రెండోది దాని వెనుకే వచ్చి మూస్తుంది. పాఠాల్లో షట్టర్‌ను తలుపులా బొమ్మ గీసి వదిలేస్తారు గనుక, షట్టర్ వేగం పెంచితే, అంటే ఫిల్మ్‌పై వెలుతురు పడే సమయం తగ్గిస్తే, తెరలు మరింత జోరుగా కదులుతాయని విద్యార్థులు అనుకుంటారు. నిజానికి తెరల వేగం ఎప్పుడూ ఒకటే, మారేది వాటి నడుమ సందు. 36 మిల్లీమీటర్ల ఫ్రేమును తెర 15 మిల్లీసెకన్లలో దాటుతుందనుకుంటే, సెకనులో 500వ వంతుకు 4.8 మిల్లీమీటర్ల సందు, 1000వ వంతుకు 2.4 మిల్లీమీటర్ల సందు కావాలి.

ఇప్పుడు రెండు స్ప్రింగులూ సమానంగా వదులై తెరల వేగం 10 శాతం తగ్గిందనుకుందాం. మొదటి తెర ఎంత దూరం జరిగాక రెండోది కదలాలో పళ్లచక్రాల అమరికే నిర్ణయిస్తుంది కాబట్టి సందు వెడల్పు దాదాపు మారదు. ఫిల్మ్‌పై పడే వెలుతురు 11 శాతం పెరుగుతుంది, అంటే స్టాపులో (వెలుతురు రెట్టింపైతే ఒక స్టాపు) ఆరో వంతు కూడా కాదు. కలర్ నెగటివ్ ఫిల్మ్ రెట్టింపు వెలుతురునైనా ఓర్చుకుంటుంది. మొదటి తెర ఒక్కటే మందగిస్తే మాత్రం రెండోది దాన్ని తరుముకొస్తుంది, సందు పోనుపోను ఇరుకై ఫొటోలో ఒక అంచు నల్లబడుతుంది.

నిదానపు వేగాల సంగతి వేరు. అక్కడ ఫ్రేమంతా తెరిచే ఉంటుంది, రెండో తెరను చిన్న పళ్లచక్రాల వరుస పట్టి ఉంచుతుంది. నూనె ఎండి జిగురైతే ఆ చక్రాలు మొరాయిస్తాయి. అందుకే పాత కెమెరాలో ముందు పరీక్షించవలసింది ఒక సెకను వేగాన్ని.

లెన్సుల్లో గాజు అరగదు, తేమ వల్ల పట్టే బూజు మాత్రం దాని పూతను తినేస్తుంది. పాత గాజుకు ఏదో మహిమ ఉందన్న నమ్మకాన్ని నేను ఒప్పుకోను. పెంటాక్స్ కెమెరాలకు వచ్చిన కొన్ని పాత టకుమార్ లెన్సుల పసుపు రంగుకు కారణం గాజులో కలిపిన థోరియం అనే రేడియోధార్మిక మూలకం వెలువరించే రేడియేషన్, అతినీలలోహిత కాంతిలో ఉంచితే ఆ పసుపు చాలావరకు పోతుంది.

1976 నాటి కేనన్ ఏఈ-1లో షట్టర్ సమయాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ నిర్ణయిస్తుంది, బ్యాటరీ లేకపోతే షట్టర్ కదలనే కదలదు. ఆ తరువాత 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2కు బ్యాటరీ కావలసింది వెలుతురును కొలిచే లైట్ మీటర్ కోసమే, బ్యాటరీ లేకున్నా సెకనులో 4000వ వంతు దాకా అన్ని వేగాలూ పనిచేస్తాయి.