"మీ బళ్లో లెక్కలు కూడా చెప్తారా?" – ఇస్లామిక్ ప్రైమరీ స్కూలు మీద అపోహలు, వాస్తవాలు

ఊరికి పోయినప్పుడల్లా కదిరి బస్టాండులో ఎవరో ఒకరు ఎదురవుతారు. "బెంగళూరులో యాడ పన్జేస్తాండావు మ్మా?" ఇస్లామిక్ ప్రైమరీ స్కూల్లో అంటాను. వెంటనే రెండో ప్రశ్న. "అట్లనా, లెక్కలు గిక్కలు కూడా చెప్తారా ఆడ?"

లెక్కలు చెప్పేది నేనే. పన్నెండేళ్లయింది. రెండో తరగతికి క్లాస్ టీచర్ని. మూడు, నాలుగు తరగతులకు లెక్కలు, పరిసరాల విజ్ఞానం చెప్తాను.

నేను ముస్లింనే గానీ మా ఇంట్లో ఉర్దూ లేదు. దూదేకుల వాళ్లం. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య పుట్టిన కులం అంటే మనవాళ్లకు చప్పున తెలుస్తుంది. మా అమ్మానాన్నలు పోట్లాడుకున్నా తెలుగే, దేవుణ్ణి వేడుకుంటూ దువా చేసుకున్నా తెలుగే. దాంతో నాకు రెండు వైపుల నుంచీ మోతే. బయటివాళ్లు "మతం ఎంత నూరిపోస్తారు?" అంటారు. లోపలివాళ్లు "ఉర్దూ సరిగా రానిదానివి, నువ్వేం చెప్తావు?" అంటారు. 2025 జూన్ నుంచి దసరా సెలవుల దాకా, అంటే మొదటి టర్ములో, విన్నవీ జరిగినవీ కలిపి రాస్తున్నాను.

"మదరసాయే కదా, పేరు మార్చారంతే"

అరబ్బీలో మదరసా అంటే బడి, అంతకు మించి ఏమీ లేదు. దర్స్ అంటే పాఠం. పాఠం చెప్పే చోటు మదరసా. చెన్నై అన్నా సాలైలో మదరసా-ఇ-ఆజం ఉంది, అది సర్కారు వారి హయ్యర్ సెకండరీ స్కూలు! వాడుకలో మాత్రం మనం మూడు వేర్వేరు వాటిని ఒకే మూటలో కట్టేస్తాం. మసీదులో పొద్దున్నో, సాయంకాలపు అసర్ నమాజు తర్వాతో గంటసేపు ఖురాన్ చదవడం నేర్పేది మక్తబ్. ఖురాన్ మొత్తం కంఠతా పట్టిన హాఫిజులూ, మతశాస్త్రం చదివిన ఆలిములూ తయారయ్యేది దారుల్ ఉలూమ్ లాంటి పెద్ద మదరసా, చాలాచోట్ల పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. మాది ఈ రెండూ కాదు, స్కూలు. మా దగ్గర రోజుకు ఎనిమిది పీరియడ్లు. ఒకటి దీనియాత్, అంటే మతపాఠం, ఒకటి ఖురాన్-అరబ్బీ. మిగతా ఆరూ పక్కవీధి కాన్వెంటులో ఏముంటే అవే, కర్ణాటక రాష్ట్ర సిలబస్. బెంగళూరులో ఇది కొత్త సంగతీ కాదు, అల్-అమీన్ విద్యాసంస్థలు మొదలైంది 1966లో.

పిల్లను చేర్చేవాళ్లకు ఒక మాట. బోర్డు మీద పేరు చూడకండి. విద్యాశాఖ గుర్తింపు ఉత్తర్వు చూపించమనండి, సర్కారు ప్రతి బడికీ ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్ అడగండి. గుర్తింపు లేని చోట రెండేళ్లు చదివి, టీసీ లేక ఇబ్బంది పడి మా దగ్గరికి వచ్చిన పిల్లలు నాకు తెలుసు.

"సర్కారు డబ్బుతో మతం నేర్పుతారు"

మాది ఎయిడ్ లేని బడి. మా జీతాలు ఫీజుల నుంచే వస్తాయి, వచ్చినప్పుడు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణమే చెబుతోంది. మైనారిటీలు తమ బళ్లు పెట్టుకొని నడుపుకోవచ్చని 30వ అధికరణం అంటుంది. గుర్తింపు ఉన్న బళ్లో ఏ పిల్లనైనా మతబోధకు కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. మా రెండో తరగతిలో ఇద్దరు హిందూ పిల్లలున్నారు, ఆ వీధివాళ్లే. దీనియాత్ పీరియడ్లో వాళ్లు లైబ్రరీలో ఉంటారు. ఒక్కోసారి దీనియాత్‌లో కథ బాగుందని వినపడితే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడతారు, అది వేరే సంగతి.

ఆర్టీఈ, అంటే విద్యాహక్కు చట్టం కింద ఇచ్చే ఉచిత సీటు కోసం కూడా వస్తుంటారు. 2014లో ప్రమతి కేసులో మైనారిటీ బళ్లకు విద్యాహక్కు చట్టం వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద 2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి సందేహం వెలిబుచ్చి, పై బెంచి చూడాలంది. ఆ సీట్లు ప్రస్తుతానికి మా దగ్గర లేవు.

"శుక్రవారం సెలవు, ఆదివారం బడి"

కొన్ని మదరసాల్లో అంతే. మాకు ఆదివారమే సెలవు. శుక్రవారం జుమా నమాజు కోసం ముందుగా వదిలేస్తాం.

"ఖురాన్ చదువుతారు కాబట్టి అరబ్బీ వచ్చేస్తుంది"

ఈ అపోహ బయటివాళ్లకంటే మా పిల్లల తల్లిదండ్రుల్లోనే ఎక్కువ. చదవడం వేరు, భాష రావడం వేరు. రెండో తరగతి పిల్లలు ఖాయిదా అనే అక్షరాల పుస్తకంతో మొదలుపెట్టి అక్షరాలు గుర్తుపట్టి, కలిపి, తప్పు లేకుండా పలకడం నేర్చుకుంటారు. అర్థం తర్వాత సంగతి. వేద పాఠశాలలో పిల్లవాడు స్వరం పట్టినట్టే అనుకోండి. టర్ము పూర్తయ్యేసరికి ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా, దాంతో పాటు చివర్లో వచ్చే చిన్న సూరాలు (అధ్యాయాలు) ఐదారు కంఠతా రావాలి. కౌసర్ మరీ చిన్నది, మూడే ఆయత్‌లు, అంటే వాక్యాలు.

పలకడం దగ్గరే అసలు కష్టం. అరబ్బీలో గుండెను ఒక 'కల్బ్' అంటారు, కుక్కను ఇంకో 'కల్బ్' అంటారు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, తేడా చూపడానికి మన లిపిలో దారి లేదు. గుండెకు వాడే 'క' కొండనాలుక దగ్గర, గొంతు లోపలి నుంచి రావాలి. ఖురాన్ నేర్పే ఆపా (టీచరక్క) ఒక్కో పిల్ల ముందు కూర్చొని నోరు తెరిపించి, అద్దం పట్టుకొని చూపిస్తుంది. ఈ సంవత్సరం ఒక బుడ్డోడు మూడు వారాలు కుక్క దగ్గరే ఆగిపోయాడు. నాలుగో వారంలో ఒకరోజు దగ్గొచ్చి, దగ్గులో ఆ 'క' పడింది. క్లాసంతా చప్పట్లు.

మన తెలుగు పిల్లలకు ఒకచోట మాత్రం కలిసొస్తుంది. అరబ్బీలో అచ్చు ఎంతసేపు లాగాలో లెక్క ఉంటుంది, తప్పితే అర్థం మారిపోతుంది. హ్రస్వం, దీర్ఘం తేడా ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే ఉంది కదా, వీళ్లు చటుక్కున పట్టుకుంటారు. మా ఆపా తనంతట తనే ఒప్పుకుంది ఈ మాట.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. ఖురాన్‌లో చివరి, ముప్పయ్యో భాగాన్ని అమ్మ పారా అంటారు. "దేని గురించి" అనే అర్థం వచ్చే 'అమ్మ' మాటతో అది మొదలవుతుంది, అందుకని ఆ పేరు. అనంతపురం నుంచి వచ్చిన పిల్ల ఒకతి "అమ్మ పారా అయిపోతే నాన్న పారా ఎప్పుడు మిస్?" అని అడిగింది. జవాబు చెప్పడానికి నాకు నవ్వు ఆగాలి కదా.

"సైన్సుకూ వాళ్లకూ పడదు"

మొహర్రం నెలతో ముస్లింల హిజ్రీ కొత్త సంవత్సరం మొదలవుతుంది. 2025లో అది జూన్ 27న వచ్చింది. దాన్ని పట్టుకొని మూడో తరగతికి చంద్రుడి చార్టు ఇచ్చాను. రోజూ సాయంత్రం మేడ ఎక్కి, కనపడ్డ ఆకారాన్ని గడిలో గీయాలి. బెంగళూరు మబ్బు సంగతి మీకు తెలిసిందే. జూన్ 26 సాయంత్రం నెలవంక మా పిల్లల్లో ఒక్కరికీ కనపడలేదు. మొదటి గడి ఖాళీ. "కనపడకపోతే నెల మొదలైందని ఎట్లా తెలుసు?" అని గొడవ. వేరేచోట చూసినవాళ్లు సాక్ష్యం చెప్తే చాలని దీనియాత్ ఆపా చెప్పింది. నేను పంచాంగం పట్టుకొచ్చాను, తెలుగుదే. జూన్ 25 అమావాస్య, మర్నాడు ఆషాఢ శుద్ధ పాడ్యమి. పూరీ రథయాత్ర కూడా అదే జూన్ 27న. ఒక్క చంద్రుణ్ణి చూసే రెండు లెక్కలూ నడుస్తున్నాయని పిల్లలకు కళ్లెదుటే తెలిసింది.

తర్వాత అసలు లెక్క. ప్రవక్త పుట్టినరోజు మీలాదున్నబీ రబీవుల్ అవ్వల్ నెల 12న. 2025లో అది సెప్టెంబరు 5న, సరిగ్గా టీచర్స్ డే రోజే వచ్చింది. వెనక్కి లెక్కపెడితే ఆ నెల ఒకటో తేదీ ఆగస్టు 25. జూన్ 27 నుంచి ఆగస్టు 24 దాకా వేళ్ల మీద లెక్కేస్తే 59 రోజులు, మధ్యలో రెండు నెలలు. అంటే ఒకటి 29, ఒకటి 30. ఇది చెప్పింది నేను కాదు, వెనక బెంచీ పిల్లవాడు. పన్నెండు నెలలకు 354 రోజులని అక్కడి నుంచి వాళ్లే లాక్కొచ్చారు. సూర్యుడి లెక్కకు 11 రోజులు తక్కువ. మన పంచాంగం ఆ లోటును అధికమాసంతో పూడుస్తుంది, హిజ్రీ పూడ్చదు. అందుకే రంజాను ఏటా ముందుకు జరుగుతుంది. 2024లో మార్చి 12న మొదలైంది, 2025లో మార్చి 2న. మాకేమో అవే పరీక్షల రోజులు.

రంజానులో చిన్నపిల్లల్ని పస్తులుంచుతామనే మాట కూడా ఇక్కడే తీర్చేస్తాను. యుక్తవయసు వచ్చేదాకా ఉపవాసం తప్పనిసరి కాదు. అన్న ఉన్నాడని తమ్ముడు మారాం చేస్తే మధ్యాహ్నం దాకా ఉంచి తినిపిస్తారు. దాన్ని చిడియా రోజా అంటారు, పిట్ట ఉపవాసం.

లీటర్లు, మిల్లీలీటర్ల పాఠం వజూ కుళాయిల దగ్గర, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కునే చోట, చెప్పాను. ప్రవక్త ఒక ముద్ నీళ్లతో వజూ చేసుకునేవారని హదీసు, అంటే ఆయన మాటలూ నడతా చెప్పే ఉల్లేఖనం. ముద్ అంటే ఇంచుమించు ముప్పావు లీటరు లోపే. కుళాయి కింద బకెట్ పెట్టి ఒక్కొక్కరు వాడింది కొలిచాం. ముప్పావు లీటరు దాటని వాళ్లు ఒక్కరూ లేరు. ఐదు లీటర్లు దాటించిన మహానుభావురాలు నేనే. 2024 వేసవిలో ఇదే ఊళ్లో ట్యాంకరు కోసం కాచుక్కూర్చున్నాం, అప్పుడే ఈ పాఠం పెట్టుకోవలసింది.

"ముస్లింలంటే అందరూ ఒకటే, అందరిదీ ఉర్దూయే"

నా క్లాసులో దక్కనీ మాట్లాడేవాళ్లే ఎక్కువ, "నక్కో మిస్" అనే పిల్లలు. కానీ తమిళం, మలయాళం, బ్యారీ (మంగళూరు వైపు ముస్లింల భాష), తెలుగు ఇళ్ల పిల్లలూ ఉన్నారు. జులై మొదటి వారంలో ఇద్దరు అనంతపురం పిల్లలు రాలేదు. వచ్చాక "సెలవులో ఏం చేశాను" అని రాయమంటే ఒకడు గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగ గురించి పేజీన్నర రాశాడు. నిప్పుల గుండం, పీరు ఎత్తుకున్నాయన, మరమరాలు, అన్నీ. ఆ నోటుబుక్కు దీనియాత్ ఆపా చూసి, ఇది మన దీన్‌లో లేదు, నేర్పాల్సింది ఇది కాదు అంది. ఆమె చదువు ప్రకారం ఆమె మాట సరే. నేను దిద్దింది వాక్యాలను, పండగను కాదు. పదికి తొమ్మిది వేశాను. ఆ తర్వాత ఆమె నాతో రెండు రోజులు ముభావంగా ఉంది.

"బొమ్మలు గీయనివ్వరు, పాటలు ఉండవు"

ఇందులో కొంత నిజం. మనుషుల బొమ్మల మీద ఇంటికో అభిప్రాయం. ఒక తండ్రి వచ్చి, చార్టులో ముఖాలకు కళ్లు ఎందుకు గీయించారని అరగంట నిలదీశాడు. సైన్సు పుస్తకంలో మనిషి శరీరం బొమ్మ ఉందని చూపించాను. అది పాఠం, ఇది సరదా అన్నాడు. మొత్తానికి డ్రాయింగు పీరియడ్లో చెట్లు, జామెట్రీ డిజైన్లు, అందమైన అక్షరాలు వేయిస్తున్నాం. పాటలంటే దేవుణ్ణి పొగిడే హమ్ద్, ప్రవక్తను పొగిడే నాత్. సినిమా డాన్సులు లేవు, వాటి గురించి నాకు బెంగేమీ లేదు. కానీ పిల్లలకు తాళం, లయ ఇంకొంచెం ఉంటే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

ఆడపిల్లలకు ఆటలుండవా అంటే, స్పోర్ట్స్ డేకి వచ్చి చూడండి. టిఫిన్ డబ్బాలో రోజూ బిర్యానీయేనా అంటే, చిత్రాన్నం.

ఎవరూ అడగని ప్రశ్న

ఇన్ని అడుగుతారు గదా, అసలు అడగాల్సింది ఎవరూ అడగరు. ఏడేళ్ల పిల్ల నాలుగు లిపులు నేర్చుకుంటోంది. ఇంగ్లీషు, అరబ్బీ, ఉర్దూ, కన్నడ. 2015 నాటి కన్నడ భాషా కలికా (అభ్యసన) చట్టం ప్రకారం కన్నడ తప్పనిసరి, అది సబబే కూడా. రెండు లిపులు ఎడమ నుంచి కుడికి, రెండు కుడి నుంచి ఎడమకు. ఉర్దూ, అరబ్బీ ఒకటేలే అనుకుంటే పొరపాటు. ఉర్దూ అక్షరాలు ఏటవాలుగా జారుతూ ఉంటాయి, ఖురాన్ అక్షరాలు తిన్నగా కూర్చుంటాయి. అంకెలు మాత్రం అరబ్బీలో కూడా పెద్దస్థానం ఎడమవైపే. "మాటలు ఇటు పోతే లెక్కలు అటెందుకు పోతాయి?" అని అడిగిన పిల్లకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. బడి కాగానే మక్తబ్, మక్తబ్ కాగానే ట్యూషన్. సోమవారం మొదటి పీరియడ్లో నిద్రకు తూగే తలలు లెక్కపెడితే ఏడో ఎనిమిదో ఉంటాయి. మతం ఎక్కువైందా అని అడిగేవాళ్లు లిపులు ఎక్కువయ్యాయా అని అడగరు. ఉర్దూను మూడో తరగతికి జరపమని నేను రెండేళ్లుగా స్టాఫ్ మీటింగులో అంటున్నాను. కొందరు పెద్దలు మొహం ముడుచుకుంటారు, ఉర్దూ రానిది గనక అంటోందని.

ఈ నాలుగింటిలో తెలుగు లేదు. సెప్టెంబరు పేరెంట్స్ మీటింగుకు మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక తల్లి వచ్చింది, ఏడో తరగతి దాకా తెలుగు మీడియం. కూతురి నోటుబుక్కులు నాలుగూ ముందు పెట్టాను. మూడింటిని ఇటూ అటూ తిప్పి పక్కన పెట్టింది. కన్నడ పుస్తకం మాత్రం తీసి, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. "ఇది ఇంచుమించు మనదే కద మిస్, ఇది నేనే దిద్దిస్తాను" అంది.

అప్పుడు అర్థమైంది నాకు, ఆ పిల్ల కన్నడ పుస్తకంలో ప్రతి 'క' మీదా గీతకు బదులు తెలుగు తలకట్టు ఎందుకు ఉంటుందో. కన్నడ సారు ప్రతి దాని చుట్టూ ఎర్రసున్నా చుడతాడు, అరమార్కు కోస్తాడు. ఆయనది తుమకూరు. వెళ్లి సంగతి చెప్పాను. నవ్వి, నోటుబుక్కులో వదిలేస్తానన్నాడు. పరీక్షలో మాత్రం కుదరదట.