నాగావళి మురికి: మనం అనుకునేది, నీళ్లు చెప్పేది

నీళ్ల నమూనాలు తీసి పరీక్షించడం నా ఉద్యోగం. శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున గాజు సీసాలు, ఐసు పెట్టె పట్టుకుని కనబడితే ఎవరో ఒకరు ఆగి ఒక మాట అనకుండా వెళ్లరు. వాటిలో నిజాలూ ఉంటాయి. కానీ కొన్ని మాటలు నోటి నుంచి నోటికి పాకి, నదిని బాగుచేసే పనికే అడ్డం పడుతున్నాయి. ఎక్కువగా వినిపించేవి ఇవి.

అపోహ: "పారే ఏటికి ఏటవుద్దండీ, అదే కడిగేసుకుంటాది."

ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఈ మాట ఎప్పటికీ చావదు. నీటిలోని సూక్ష్మజీవులు మురుగును తింటాయి. తినేటప్పుడు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. నది పారుతూ గాలి నుంచి మళ్లీ ఆక్సిజన్ తీసుకుంటుంది. ఖర్చు కన్నా రాబడి ఎక్కువగా ఉన్నంత కాలం నది తేరుకుంటుంది.

ఆ రాబడికి నిండుగా నీళ్లు కావాలి, పారడానికి దూరం కావాలి. నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా 250 కిలోమీటర్లకు పైగా నడిచి వస్తుంది. మన ఊరు దాని చివరి మజిలీ. తోటపల్లి బ్యారేజీ, నారాయణపురం ఆనకట్టల దగ్గర పొలాలకు పోగా మిగిలింది మన దాకా వస్తుంది. ఊరు దాటితే కళ్లేపల్లి, అక్కడ సముద్రం. తేరుకునేంత దూరమే లేదు.

ఒక లెక్క చూడండి. ఇళ్ల మురుగులో బీఓడీ, అంటే ఆ మురుగును అరిగించుకోవడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. స్నానానికి పనికొచ్చే నదిలో అది 3 దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. నదిలో అప్పటికే 1 ఉందనుకుంటే, ఒక్క లీటరు మురుగు పలచబడి 3కి రావడానికి దాదాపు వంద లీటర్ల నదినీరు కావాలి. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం పట్టణంలో సుమారు లక్షా పాతిక వేల మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగు అన్న మామూలు లెక్క వేస్తే రోజుకు కోటీ ముప్పై అయిదు లక్షల లీటర్లు. అదంతా నదికే చేరిందనుకుంటే, దాన్ని పలచన చేయడానికి నిరంతరం 550 క్యూసెక్కుల (సెకనుకు 550 ఘనపుటడుగుల) ప్రవాహం ఉండాలి. నిజానికి కొంత మురుగు మట్టిలో ఇంకిపోతుంది, ఊరు ఇప్పుడు అంతకన్నా పెరిగింది కూడా. నిండు వేసవిలో వంతెన మీద నిలబడి కిందకి చూసినవాళ్లకు 550 క్యూసెక్కుల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. పైగా 30 డిగ్రీల వేడిలో మంచి నీరు కూడా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్‌ను పట్టి ఉంచలేదు. నీళ్లు తగ్గే నెలల్లోనే ఆక్సిజన్ కూడా తగ్గుతుందన్నమాట.

వంశధార-నాగావళి అనుసంధానం అయితే మురికి కొట్టుకుపోతుందని ఆశపడేవాళ్లూ ఉన్నారు. ఆ నీళ్లు నారాయణపురం ఆనకట్ట ఆయకట్టు కోసం. మన కాలువలు కడగడానికి కాదు.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టే

ఆగస్టులో నాగావళి ఎర్రగా వస్తుంది. చూసినవాళ్లు ముక్కు మూసుకుంటారు. అది చాలావరకు కొండల మీది మట్టి. ఫిబ్రవరిలో నీళ్లు తేటగా, అడుగున ఇసుక కనబడేలా ఉంటాయి. పిల్లలు దిగి ఈదుతారు. నాకు టెన్షన్ ఆ తేట నీళ్లతోనే. మలంతో వచ్చే కోలిఫామ్ బ్యాక్టీరియా కంటికి కనబడదు, వాసన రాదు. స్నానపు నీటిలో అది 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండడం మంచిది, 2,500 దాటకూడదు. ఇది మునగడానికి పెట్టిన హద్దు. తాగడానికైతే ఒక్కటీ ఉండకూడదు.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయారు. అప్పుడు అందరి చూపూ తాగునీటి మీదకీ, పక్కనున్న చంపావతి మీదకీ మళ్లింది. చూపుతో తేలే విషయం కాదిది. సీసాలో పట్టి, ఐసులో పెట్టి, గంటల్లో ల్యాబుకు చేర్చి చూడాల్సిందే.

అపోహ: తప్పంతా ఫ్యాక్టరీలదే

ఈ మాట చెప్పేటప్పుడు మనకు హాయిగా ఉంటుంది. పరిశ్రమల వ్యర్థాలు ప్రమాదం కావని నేననను. భార లోహాలు, విష రసాయనాలు మురుగులా కుళ్లి పోయేవి కావు. వాటి మీద నిఘా తప్పనిసరి. కానీ ఏ పరిశ్రమ నీరు ఎటు పోతుందో కూడా చూడాలి. పైడిభీమవరం ఔషధ కంపెనీల పేరు చెప్పి నాగావళిని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఆ గొడవ కందివలస గెడ్డది. గెడ్డ అంటే వాగు. అది వేరే దారిన సముద్రంలో కలుస్తుంది.

మన ఊరి దగ్గర నదిలో పడే కాలువల్లో ప్రధానంగా ఉండేది ఇళ్లు, హోటళ్లు, హాస్టళ్లు, ఆసుపత్రుల నీరు. దేశం మొత్తం కథా ఇంతే. కేంద్ర మండలి 2021లో ఇచ్చిన లెక్కల ప్రకారం పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడితే, నిజంగా శుద్ధి అయింది 20,236 మిలియన్ లీటర్లే. మిగతాది ఏదో ఒక గెడ్డలోనో, చెరువులోనో, ఏటిలోనో ఉంది.

అపోహ: వాన పడితే కడుక్కుపోతుంది

నా దృష్టిలో నదికి ఏడాదిలో అతి చెడ్డ రోజు మే నెల మధ్యాహ్నం కాదు, జూన్‌లో మొదటి గట్టి వాన పడిన రోజు. వేసవంతా కాలువల అడుగున పేరుకున్న నల్లటి బురద, చెత్త, రోడ్ల మీది నూనె, అన్నీ ఒక్కసారిగా ఏటిలోకి తోసుకొస్తాయి. అప్పటికి నదిలో నీళ్లు ఇంకా సన్నగానే ఉంటాయి.

కరిగిన ఆక్సిజన్ పరీక్ష మొదటి అంచె ఒడ్డు మీదే చేయాలి. సీసాలో బుడగ లేకుండా నీళ్లు పట్టి రెండు రసాయనాలు వేస్తాం. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు తరకలు కడతాయి. లేకపోతే తెల్లగా విరుగుతుంది. మొదటి వాన తర్వాత కాలువ మూతి దగ్గర పట్టిన సీసా తెల్లగా విరిగితే ఇక లెక్క కట్టే పనే ఉండదు. అలాంటప్పుడు చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతుంటే "ఎవరో మందు కలిపారు" అంటారు. ఎవరూ కలపక్కర్లేదు, ఊపిరాడకే పోతాయి.

అందుకే కాలువల్లో పూడిక వానలకు ముందే తీయాలి. తీసిన పూడికను గట్టు మీదే వదిలేసి బిల్లు పెట్టుకుంటే మొదటి వానకు అది మళ్లీ కాలువలోకే పోతుంది.

అపోహ: గుర్రపుడెక్క పీకేస్తే నది బాగయినట్టే

ఫొటోకు బావుంటుంది. గుర్రపుడెక్క మన మురుగులోని నత్రజని, భాస్వరం తిని బలిసే మొక్క. తిండి ఆగకపోతే కొద్ది వారాల్లో మళ్లీ పరుచుకుంటుంది. పీకినది దూరంగా తీసుకెళ్లి ఎరువు చేస్తే కొంత మేలు.

అపోహ: నిమజ్జనాలు, పూజల వల్లే నది పాడవుతోంది

బలరాముడు నాగలితో తెచ్చిన ఏరని మనవాళ్ల నమ్మకం. గుడివీధిలో కోటేశ్వరుడు, పైన సంగాంలో సంగమేశ్వరుడు ఈ ఒడ్డునే ఉన్నారు. శివరాత్రికి జనం మునగడం తరతరాలుగా ఉన్నదే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు నీటిలో కరగవు, వాటి రంగుల్లో లోహాలు ఉంటాయి. అందుకే కేంద్ర మండలి 2020 మార్గదర్శకాల్లో వాటిని వద్దన్నారు, ఆ మాట పాటించాలి. అయితే ఇది కొన్ని రోజుల భారం. కాలువలది 365 రోజుల భారం. భక్తులను తిట్టడం సులువు గనుక వాళ్ల మీదే ఎక్కువ వ్యాసాలు వస్తాయి.

అపోహ: ఇసుక వేరు, మురికి వేరు

ఇది మా శాఖల్లోనూ ఉన్న అపోహ. ఇసుక ఒకరు చూస్తారు, మురుగు ఇంకొకరు, తాగునీరు మరొకరు. నదికి ఈ విభజన తెలియదు.

ఉత్తరాంధ్రలో తాగునీటి పథకాలు చాలావరకు ఏటి ఇసుకలో దింపిన ఊట బావుల మీద ఆధారపడ్డవి. శ్రీకాకుళానికి నాగావళి, విజయనగరానికి నెల్లిమర్ల దగ్గర చంపావతి అలాగే నీళ్లిస్తున్నాయి. నది నీరు ఇసుక పొరల్లోంచి మెల్లగా వడకట్టుకుని బావిలోకి ఊరుతుంది. ఇసుక రేణువుల మీద పట్టే సన్నని జీవపొర బ్యాక్టీరియాను చాలావరకు ఆపేస్తుంది. కరెంటు లేకుండా, రసాయనం లేకుండా పనిచేసే ఫిల్టరు అది. క్లోరిన్ వేయడం దాని తర్వాత మాట.

ట్రాక్టర్లు, యంత్రాలు దిగి ఆ ఇసుకను లోతుగా తోడేస్తే నాలుగు జరుగుతాయి. వడపోత పొర పలచబడి మురుగు సూక్ష్మజీవులు బావికి దగ్గరవుతాయి. ఏటి అడుగు కిందకి దిగి, దానితో పాటు నీటిమట్టం దిగి, వేసవిలో బావులు ఊరడం మానేస్తాయి. ఇసుక పట్టి ఉంచి నెమ్మదిగా వదిలే నీరు కూడా పోతుంది కాబట్టి, మురుగును పలచన చేసే ఆ కాస్త ప్రవాహమూ తగ్గుతుంది. తవ్విన గోతుల్లో నీరు నిలిచి, అందులోకే కాలువ నీరు చేరి పచ్చబడుతుంది. తాగునీటి బావులకు ఎగువన తోడిన ఇసుక ధర లారీ లెక్కన తేలదు. ఆ తేడాను క్లోరిన్ ఖర్చులోనూ, ఆసుపత్రి ఖర్చులోనూ కడుతున్నాం.

అపోహ: ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) కట్టేస్తే సమస్య తీరిపోయినట్టే

శుద్ధి కేంద్రం కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ కేంద్రానికి మురుగు చేరాలి కదా. మన వీధుల్లో ఇంటి ముందుండేది తెరిచిన కాలువ. అందులో వంటింటి నీరు, వాననీరు, సెప్టిక్ ట్యాంకు నుంచి పొంగే నీరు అన్నీ కలుస్తాయి. ఇలాంటి చోట చేయగలిగింది, ఏటిలో పడే ముందే కాలువను అడ్డగించి నీటిని శుద్ధికి మళ్లించడం. అప్పుడు పంపులకు కరెంటు, పని తెలిసిన మనుషులు, వచ్చే బురదను పారేసే చోటు, ఏటా నడిపే ఖర్చు కావాలి. శంకుస్థాపనకు వచ్చినంత మంది ఆ ఖర్చు ఫైలు దగ్గరకు రారు.

కాలువలో బ్యాక్టీరియా పొడి చల్లే పద్ధతి తాత్కాలికం. రెల్లు, తుంగ మొక్కల మడుగుల్లోంచి మురుగును పారించడం చిన్న కాలువలకు బాగా పనికొస్తుంది, కానీ స్థలం కావాలి.

అసలు గుట్టు సెప్టిక్ ట్యాంకుల్లో ఉంది. ట్యాంకు అంటే శుద్ధి అయిపోయినట్టే అని చాలామంది నమ్మకం. బాగా కట్టిన ట్యాంకు కూడా బీఓడీని మహా అయితే సగం తగ్గిస్తుంది. బయటకొచ్చే నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. మనం గొట్టాన్ని కాలువలోకి పెడతాం. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయించాలి. మనం పొంగే దాకా మూత తీయం. చివరికి లాగేసిన ట్యాంకర్ దాన్ని ఎక్కడ వదులుతుందో అడిగేవాళ్లు లేరు. రాత్రిపూట ఏటి గట్టున వదిలిన ఒక్క ట్యాంకర్‌లో వందల ఇళ్ల ఒకరోజు మురుగుకు సమానమైన భారం ఉంటుంది.

అపోహ: రిపోర్టులో అంకె బాగుంటే నది బాగున్నట్టే

2018లో కేంద్ర మండలి దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌వి ఐదు. కృష్ణా, గోదావరి, తుంగభద్ర, కుందూలతో పాటు నాగావళి కూడా అందులో ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుని, ప్రతి రాష్ట్రం నదుల పునరుద్ధరణ కమిటీ వేయాలంది. తర్వాత, కాలువలో తాత్కాలిక శుద్ధి కూడా మొదలుపెట్టకపోతే ఒక్కో కాలువకు నెలకు 5 లక్షల రూపాయల పరిహారం కట్టాలంది. అప్పటి నుంచి ఫైళ్లు కొంచెం వేగంగా కదులుతున్న మాట నిజమే.

అయితే అంకెను చదివేటప్పుడు నమూనా ఎప్పుడు, ఎక్కడ తీశారో చూడండి. పాచి ఉన్న నీటిలో ఎండకు ఆక్సిజన్ పెరుగుతుంది, తెల్లవారుజామున అట్టడుగుకు పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి తీస్తే నదికి మార్కులు బాగా పడతాయి. కాలువ కలిసే చోటుకు ఎగువన తీసినదానికీ, దిగువన తీసినదానికీ పోలికే ఉండదు. మన దేశంలో బీఓడీని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి కొలుస్తారు. విదేశాల్లో చాలాచోట్ల 20 డిగ్రీల దగ్గర అయిదు రోజులు. ఈ తేడా చూడకుండా రెండు అంకెలు పక్కపక్కన పెట్టి పోస్టులు పెట్టేవాళ్లు ఉన్నారు.

మీ వార్డు సమావేశంలో అడగాలనుకుంటే ఈ మూడు అడగండి. మన వీధి కాలువ ఏటిలో ఎక్కడ కలుస్తుంది? ఆ మూతికి దిగువన నెలనెలా నమూనా తీస్తున్నారా, తెల్లవారుజామున ఒక్కసారైనా తీశారా? సెప్టిక్ ట్యాంకర్లు నింపుకున్నది ఎక్కడ ఖాళీ చేస్తున్నాయో రిజిస్టరు ఉందా? మూడో ప్రశ్న అడిగే ముందు మీ ఇంటి ట్యాంకు గొట్టం ఎటు పోతుందో ఒకసారి చూసుకుని వెళ్లండి, ఆ ప్రశ్న తిరిగి మీకే రావచ్చు.